అర అంగుళం వాలు

మా ఒంటెలా ఊళ్లో ఎవరింట్లోనైనా ఇంటిని వేడిచేసే కొత్త ఫర్నేస్ పెట్టారంటే చాలు, ఊర్హో టక్కినెన్ రసమట్టం చంకన పెట్టుకుని దిగిపోతాడు. ఆయన్ని ఎవరూ పిలవనక్కర్లేదు. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులోనూ చువ్వలా ఉంటాడు. నలభై ఏళ్లు ఈ చలి దేశంలో ఇళ్లు వెచ్చబెట్టిన మనిషి కనక, వద్దనే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఆ రసమట్టం వాళ్ల నాన్నది. రాగి గనులు నడిచే రోజుల్లో అక్కడి వడ్రంగి కొట్టంలో వాడిన సరుకు. నున్నటి కర్ర, కొసలకు ఇత్తడి, మధ్యలో గాజు గొట్టం, గొట్టం మీద రెండు నల్లటి గీతలు. ఆ రెండు గీతల మధ్య బుడగ నిలబడిందంటే ఊర్హో లెక్కలో లోకం సవ్యంగా ఉన్నట్టే. సొంత తమ్ముడి అంత్యక్రియలప్పుడు శవపేటిక మీద కూడా రసమట్టం పెట్టి చూశాడు. కాళ్ల వైపు పల్లంగా ఉందని తేల్చి, ఒక చెక్కముక్క తెచ్చి దోపేదాకా పాస్టరు గారిని ప్రార్థన మొదలుపెట్టనివ్వలేదు. పిచ్చి కాదా అంటే పిచ్చే. కానీ ఆయన పెట్టిన ఫర్నేస్ ఒక్కటి కూడా గడగడలాడిన దాఖలా ఈ చుట్టుపక్కల లేదు.

ఆయన చూడటం అయ్యాక ఇంటివాళ్లు ఒక మాట అడగాలి. అది ఊరి ఆనవాయితీ.

"మట్టంగా ఉందా, ఊర్హో?"

ఆయన టోపీ సర్దుకుని, "మట్టమే" అంటే అందరూ కాఫీకి లేస్తారు. కాదంటే పెట్టినవాడు మళ్లీ పనిముట్లు విప్పుకోవాలి.

ఈ కథ ఆయనది కాదు, ఆయన కూతురు ఇర్మాది. ఇరవై ఒకటో ఏట తండ్రి పనిలోకి దిగింది. ఊర్హో జతగాడికి నడుం పట్టేసి మంచాన పడితే, సన్నగా ఉంటావు, ఇరుకులో దూరతావు రమ్మని తీసుకెళ్లాడు. ఊరు ఊరుకుంటుందా? "వంటింటి పొయ్యి అనుకుని వచ్చిందేమో పాపం" అన్నారు మగవాళ్లు. "నీ గోళ్లు చూసుకున్నావటే?" అన్నారు ఆడవాళ్లు. ఇర్మా పని నేర్చుకుంది. పరీక్షలు రాసి, కౌంటీలో ఫర్నేసులు పెట్టే లైసెన్సు తెచ్చుకున్న మొదటి ఆడమనిషి అయింది. ఇప్పుడు యాభై రెండు. మూడు ఊళ్ల అవతల నుంచి కూడా ఫోన్లు వస్తాయి, ఆవిడ వస్తేనే చేయించుకుంటామని భీష్మించుకున్న ఇళ్లున్నాయి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇర్మా రచ్చ గెలిచింది. ఇల్లు మాత్రం మిగిలిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ పెట్టిన ప్రతి ఫర్నేస్ మీదా తండ్రి రసమట్టం పెట్టాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగారు, "మట్టంగా ఉందా, ఊర్హో?" అని. ప్రతిసారీ ఆయన ఒకటే మాట అన్నాడు.

"దాదాపు."

బుడగ గీతల మధ్య శిలలా నిలబడి ఉన్నా సరే, దాదాపు. పరాయివాళ్ల పనికి మట్టమే అన్న నోరు కూతురి పనికి ఆ మాట అనలేదు. ఇర్మా నవ్వేసేది. ఇంటికెళ్లి పెనం తోముతూ మాత్రం ఆ మాటనే తోమేది.

పోయిన శరదృతువులో చర్చి హాలు పాత ఫర్నేస్ చచ్చిపోయింది. ఆ హాలు మా ఆడవాళ్ల సామ్రాజ్యం. ప్రతి గురువారం పొద్దున్నే పదిహేను మంది చేరి, మాంసం, దుంపలు కూరి చెయ్యంత కజ్జికాయల్లా పాస్టీలు మడుస్తారు. దానికి మహారాణి ఎల్వీరా. ఎనభై రెండేళ్లు, చేతిలో ఎప్పుడూ అప్పడాల కర్ర, నోట్లో ఎప్పుడూ ఒక విసురు.

హాలు కట్టింది కొండరాతి మీద. కింద గది లేదు, అటక లేదు, నేల పలకలకూ కింద ఉన్న రాయీ మట్టికీ మధ్య ముప్పై నాలుగు అంగుళాల సందు, అంతే. పట్నం నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి, టార్చి వేసి వంగి చూసి, లేచి మోకాళ్లు దులుపుకున్నారు. హాలును జాకీల మీద ఎత్తితే తప్ప కుదరదు, వచ్చే వేసవికి చూద్దామన్నారు. అంటే ఈ చలికాలమంతా హాలుకు తాళం, గురువారాలకు సెలవు.

"ఎత్తక్కర్లేదు," అంది ఇర్మా. "ఫర్నేస్‌ను నిలబెట్టకుండా పడుకోబెడతాను. దూలాలకు వేలాడదీస్తాను."

"పడుకోబెడితే పనిచేస్తుందా? మా ఆయన్ని పడుకోబెడితే గురక తప్ప ఇంకేం రాదు," అంది ఎల్వీరా.

"చేస్తుంది అత్తా. నవంబరులో జింకల వేట మొదలయ్యేలోపు హాలు వెచ్చగా ఉంటుంది. మాటిస్తున్నా."

ఆ మాట పదిహేను మంది ముందు అంది. పదహారో మనిషి ఊర్హో, తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మాట నిలబడకపోతే ఇర్మాకు రచ్చ కూడా పోయినట్టే, అది ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు.

పని మూడు రోజులు పట్టింది. పక్కగోడకు చిన్న తలుపు కోసి, పిల్లలు మంచు మీద జారే ఎర్ర ప్లాస్టిక్ స్లెడ్డు మీద ఫర్నేస్‌ను ఎక్కించి, తాడుతో లోపలికి లాగింది. తనూ అలాంటి స్లెడ్డు మీదే వెల్లకిలా పడుకుని, కాళ్లతో తన్నుకుంటూ పోయేది. పైన గురువారం ఆడవాళ్లు స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని పిండి పిసుకుతుంటే పలకల సందుల్లోంచి మైదాపిండి ఆవిడ మొహం మీద రాలేది.

ఈ రకం ఫర్నేస్‌కు ఒక గుణం ఉంది. పాత ఫర్నేసులు వేడి పొగను పొగగొట్టంలోకి వదిలేసేవి. ఇది పొగలోని వేడిని కూడా పిండుకుంటుంది. అలా పిండినప్పుడు పొగలోని ఆవిరి నీళ్లవుతుంది. కుండ మీద మూతకు పట్టిన చెమ్మలాంటిదే, కాకపోతే రోజుకు బకెట్ల లెక్క. ఆ నీళ్లు బయటికి పోవాలి. నిలబెట్టిన ఫర్నేస్‌లో వాటంతటవే కిందికి జారతాయి. పడుకోబెడితే దారి చూపించాలి. అందుకే దాన్ని పక్కలకు మట్టంగా, ముందుకు మాత్రం అర అంగుళం వాలుగా కట్టాలి. దూలాలకు మరలు తీసిన నాలుగు ఇనుప కడ్డీలు దించి, ముందు రెంటి నట్లు తిప్పి, ఇర్మా ఆ అర అంగుళాన్ని పెంకుమీద పెంకు పేర్చినంత జాగ్రత్తగా తెచ్చింది. నీళ్లు పోయే వంపుగొట్టం ఫర్నేస్ కింద వేలాడాలి కనక దాని కోసం మట్టిలో గుంట తవ్వింది. పొగ వెనక్కి రాకుండా ఆ వంపులోకి ఒక గ్లాసు నీళ్లు పోసింది. పొగగొట్టాన్ని ఎంత మంచు పడినా మూసుకుపోనంత ఎత్తున, గోడ పైభాగంలో తీసింది.

శుక్రవారం మధ్యాహ్నం కౌంటీ తనిఖీ అధికారి వచ్చాడు. లావుపాటి మనిషి. సగం దాకా దూరి, వాలు కొలిచి, బయటికొచ్చి సంతకం పెట్టాడు. "ఇరవై ఏళ్లలో ఇంత శుభ్రమైన వేలాడు ఫర్నేస్ చూడలేదమ్మా" అన్నాడు. ఇర్మా ఆ మాటను మడిచి జేబులో పెట్టుకుంది.

అధికారి కారు మలుపు తిరిగిందో లేదో ఊర్హో రసమట్టంతో వచ్చాడు. స్లెడ్డు మీద పడుకుని, కూతురు వద్దంటున్నా లోపలికి పోయాడు. రెండు నిమిషాల్లో కేక.

"ఇర్మా! ఇది వంకరగా ఉంది."

"వంకర కాదు నాన్నా, వాలు. అలాగే ఉండాలి. నీళ్లు ముందుకు రావాలి."

"ఎంత?"

"అర అంగుళం."

"అర అంగుళం!" ఎవరో చచ్చిపోయారని చెప్పినట్టు అన్నాడు. "నా బుడగ గీత దాటిపోయింది. నలభై ఏళ్లు చేశాను, ఇలాంటి పని ఒక్కటి చెయ్యలేదు."

"నీ నలభై ఏళ్లలో ఫర్నేసులకు చెమట పట్టలేదు నాన్నా. పుస్తకంలో రాసుంది, చూపించనా?"

"పుస్తకం రాసినవాడు ఈ సందులో ఎప్పుడైనా పడుకున్నాడా?"

ఇర్మాకు గొట్టాల బిగింపులు కొన్ని తక్కువపడ్డాయి. కొనుక్కురావడానికి పట్నం వెళ్లాలి. తండ్రి మూతి ముడుచుకుని ఊరుకున్నాడు. ఊర్హో అరిస్తే భయం లేదు, ఊరుకుంటేనే భయపడాలి. ఏళ్ల తరబడి పక్కన పనిచేసిన కూతురు ఆ సంగతి మరిచిపోయి వ్యాన్ ఎక్కడం ఆవిడ తప్పే, నేనైతే అలాగే అంటాను.

శనివారం పదకొండు గంటలకు ముహూర్తం. హాల్లో డెబ్బై మంది. పాస్టీలు, క్యాబేజీ పచ్చడి, ఏలకుల రొట్టె, బిందెల కొద్దీ కాఫీ. బయట సరస్సు మీంచి గాలి చెంపలు వాయిస్తోంది. ఇర్మా గోడ మీద మీట తిప్పింది. కింద గాలి సన్నగా మూలిగింది, మంట అంటుకున్న చప్పుడు వచ్చింది, కాసేపటికి నేల జాలీల్లోంచి వెచ్చటి గాలి పైకి లేచింది. ఎల్వీరా వెళ్లి ఒక జాలీ మీద నిలబడింది. గౌను గంటలా ఉబ్బింది.

"ఈ సుఖం మా ఆయన దగ్గర కూడా ఎరగను," అంది. హాలంతా నవ్వింది. స్వెటర్లు ఒక్కొక్కటే కుర్చీల మీదికి చేరాయి. ఇర్మా తండ్రి వైపు చూసింది. ఆయన కాఫీ కప్పులోకి చూసుకుంటున్నాడు, కానీ పెదవి చివర ఏదో తృప్తి. ఆవిడ గుండె ఒక్కసారి ఎగిరింది. ఈసారి అంటాడేమో అనుకుంది.

యాభై నిమిషాలు నడిచింది. తర్వాత కింద బుడబుడమని ఏదో చప్పుడు, ఎవరో పుక్కిలించినట్టు. గాలి చల్లబడింది. ఆగిపోయింది.

తలలన్నీ నేల జాలీల వైపు తిరిగాయి. తర్వాత వెనక బల్ల నుంచి ఎవరో, "పట్నంవాళ్లు చెప్పనే చెప్పారు" అన్నారు. ఇంకెవరో, "పడుకోబెడితే ఏదైనా నిద్రపోతుంది మరి" అన్నారు. ఒకావిడ కుర్చీ మీది స్వెటరు తీసి మళ్లీ తొడుక్కుంది. ఇర్మాను ఆ మాటలకన్నా ఆ స్వెటరే ఎక్కువ పొడిచింది.

చర్చికి వేసుకునే మంచి గౌను మీదే ఆవిడ స్లెడ్డు ఎక్కి కిందికి పోయింది. ఫర్నేస్ మీది ఎర్ర దీపం మూడేసి సార్లు మినుకుతోంది. లోపల నీళ్లు నిలిచి గాలి దారి మూసుకుందని దాని భాష. జేబులోంచి చిన్న రసమట్టం తీసి ఫర్నేస్ మీద పెట్టింది. ముందుకు వాలు లేదు. మట్టంగానూ లేదు. నూలుపోగంత వెనక్కి వాలి ఉంది.

టార్చి నట్ల మీదికి తిప్పింది. ముందు రెండు నట్ల అంచులు చెక్కుకుపోయి మెరుస్తున్నాయి. తను వాడే పానా గాట్లు పెట్టదు. పళ్లున్న పాత పానా పెడుతుంది. అలాంటి పానా ఊళ్లో ఒక్కరి దగ్గరే ఉంది. శుక్రవారం సాయంత్రం ఆవిడ పట్నంలో బిగింపులు ఏరుకుంటుంటే, ఆ ముసలాయన ఇక్కడ వెల్లకిలా పడుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ఆ రెండు నట్లనూ తిప్పి, కూతురి వంకర పనిని మట్టానికి తెచ్చాడు. చెడగొట్టడానికి కాదు, నలుగురిలో పరువు పోకుండా కాపాడటానికి. అదీ సరిగ్గా తేలేకపోయాడు. కుడికంటిలో పొర వచ్చింది, ఎవరికీ చెప్పడు. బుడగ గీత దాటినా ఆయనకు మధ్యలోనే కనిపించి ఉంటుంది. పెదవి చివరి ఆ తృప్తి ఎందుకో ఇర్మాకు అప్పుడు అర్థమైంది.

ఆవిడకు కోపం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల దాదాపులన్నీ కలిసి వచ్చిన కోపం. పైన డెబ్బై మంది ఉన్నారు, ఒక్క మాట చాలు. ఇది నా పని కాదు, మా నాన్న వేలు పెట్టాడు అంటే తన పేరు కడిగిన పళ్లెంలా బయటపడుతుంది. ఆయన మాత్రం ఇక ఏ ఇంటికీ రసమట్టంతో వెళ్లలేడు. మట్టంగా ఉందా అని అడిగే దిక్కు ఉండదు. ఆవిడ ఆ మట్టిలో కాసేపు పడుకుని, నట్లకేసి చూస్తూ ఉండిపోయింది.

తర్వాత నట్లు తిప్పింది. అర అంగుళం వచ్చింది. నిలిచిన నీళ్లు గుంటలోకి గబగబా దిగిపోయాయి. ఈసారి ప్రతి నట్టు కింద ఇంకో నట్టు వేసి రెండూ బిగించింది.

పైకొచ్చేసరికి అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. జుట్టులో మట్టి, గౌనుకు మైదా.

"నట్లు కదిలాయి," అంది. "రెండో నట్టు బిగించాల్సింది, బిగించలేదు. తప్పు నాది. ఇక ఆగదు."

మీట తిప్పింది. మంట అంటుకుంది. అయినా ఎవరూ స్వెటరు విప్పలేదు. ఒకసారి ఆగినదాన్ని ఎవరు నమ్ముతారు?

తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. ఊర్హో లేచాడు. టోపీ తీశాడు. చర్చిలో పాస్టరు గారి ముందు తప్ప ఆయన టోపీ తీయడం మేమెవరం చూడలేదు.

"నట్లు వాటంతటవి కదలవు," అన్నాడు. "నేను కదిపాను. నిన్న సాయంత్రం. అమ్మాయి పని వంకరగా ఉందనుకున్నాను. వద్దని చెప్పింది, పుస్తకం చూపిస్తానంది, వినలేదు. దానికి తెలుసు ఎవరు కదిపారో. నా పానా గాట్లు దానికి తెలీకపోతే ఎవరికి తెలుస్తాయి."

ఎల్వీరా అప్పడాల కర్ర బల్ల మీద పెట్టేసింది.

"నాన్నా, కూర్చో," అంది ఇర్మా మెల్లగా.

"కూర్చోను. నన్ను కిందికి తీసుకుపో. చూపించు."

ఆవిడ తండ్రిని స్లెడ్డు మీద పడుకోబెట్టింది. గుండెల మీద రసమట్టం పెట్టుకున్నాడు. ఆవిడ ముందు పాకుతూ తాడు పట్టి లాగింది. చిన్నప్పుడు గని గుట్టల మీద ఆయన ఆవిడను ఇలాగే లాగేవాడు. ఫర్నేస్ పక్కకు చేరాక ఇద్దరూ వెల్లకిలా పడుకున్నారు, భుజం భుజం తగులుతూ. జానెడు దూరంలో వెచ్చగా, నిబ్బరంగా అది నడుస్తోంది.

"చెయ్యి ఇక్కడ పెట్టు," అంది.

గొట్టం చివర ఆయన అరచెయ్యి పట్టింది. టప్పుమని ఒక చుక్క. ఇంకో చుక్క. తర్వాత సన్నటి ధార. ఆయన చాలాసేపు చెయ్యి తీయలేదు.

"ఇదంతా పొగలోంచేనా?"

"ఊఁ."

"మేం నలభై ఏళ్లు దీన్ని ఆకాశంలోకి వదిలేశాం," అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు, పిల్లాడికి గారడీ చూపిస్తే ఉండే ఆశ్చర్యం ఉంది.

రసమట్టం ఫర్నేస్ మీద ఆనించాడు. బుడగ పైవైపు గీత దాటి నిలబడింది. "నువ్వు చూడు, నాకు సరిగా కనపడట్లేదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం కూడా అదే మొదలు. "బుడగ ఎక్కడుంది?"

ఆవిడ వేలితో చూపించింది. ఆయన జేబులోంచి మేకు తీశాడు. గాజు గొట్టం పక్కనే, వాళ్ల నాన్న చేతుల నాటి నుంచి ఒక్క గాటు కూడా పడని ఆ కర్ర మీద, కూతురి వేలు ఆనవాలుగా, ఒక గీత గీశాడు. మేకు పక్కకు జారబోయింది. ఇర్మా ఆ చేతి మీద చెయ్యి వేసి గీత చివరిదాకా నిలిపింది.

బయటికి వచ్చేసరికి ఇద్దరి వీపులకూ మట్టి, ఆవిడ కళ్లు ఎర్రగా. మట్టి పడిందంది. ఎల్వీరా జాలీ మీద తన పాత చోట్లోనే నిలబడి ఉంది, గౌను ఉబ్బి ఉంది. ఆనవాయితీ ఆనవాయితీయే కనక అప్పడాల కర్ర నడుమున పెట్టుకుని అడిగింది.

"మట్టంగా ఉందా, ఊర్హో?"

డెబ్బై మంది కాఫీ కప్పులు దించి విన్నారు. ఇర్మా మోకాళ్లు దులుపుకుంటున్నట్టు వంగింది. ఆయన టోపీ పెట్టుకున్నాడు, సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"లేదు," అన్నాడు. "ఎలా ఉండాలో అలా ఉంది. మా అమ్మాయి పెట్టింది."